గట్టు వేసే హక్కు ఎవరిది?

అనంతపురం జిల్లాలో ఒక పల్లె. తొలకరి వాన గట్టిగా పడిన మర్నాడు మహిళా సంఘం సమావేశానికి వెళ్ళాం. వూరి పైనున్న మిట్ట చేల నుంచి వంకలోకి ఎర్రటి నీళ్ళు ఇంకా పారుతూనే వున్నాయి. సంఘం సభ్యురాలు ఒకామె బాగా ఆలస్యంగా వచ్చింది. చేతులనిండా ఎర్రమన్ను, చీర కుచ్చెళ్ళకు బురద. తాను కౌలుకు చేస్తున్న నాలుగెకరాల చేలో నీళ్ళు కోసిన చోటల్లా రాళ్ళు ఏరి అడ్డం పెట్టి వస్తున్నానని చెప్పింది. "రాళ్ళెందుకక్కా, గట్టే వేసుకోవచ్చు కదా" అన్నాం.

"గట్టేస్తే ఆసామి వూరుకోడమ్మా. పోయినేడు రెండు బార్ల గట్టేసినందుకే, సేను నీ పేరు మీదికి రాయించుకోవల్లని సూస్తాండావా అన్న్యాడు. వచ్చే యేడు ఆ సేను నాకిస్తాడో ఇంకొకరికిస్తాడో. మన్ను పోతాండేది నా కండ్లకు కనపడతానే వుంది. ఆపేదానికి నాకేం అధికారముంది?"

ఆ రోజు మా ఎజెండాలో పొదుపు లెక్కలు వున్నాయి. కొత్త రుణాల సంగతి వుంది. తాగొచ్చి కొడుతున్న ఒక భర్త విషయంలో ఏం చెయ్యాలన్న చర్చ వుంది. మట్టి సంగతి మాత్రం లేదు. మన స్త్రీల సంస్థల్లో దాదాపు ఎక్కడా వుండదు. భూమి కోత వ్యవసాయశాఖ పని అనీ, వాటర్‌షెడ్ ఇంజనీరు పని అనీ మనం కూడా అనుకుంటూ వచ్చాం. ఆమె మాట విన్న తర్వాత అట్లా అనుకోవడం తప్పని నాకు అర్థమైంది. నేలను ఎట్లా కాపాడాలో ఆమెకు తెలుసు. కాపాడే ఓపిక కూడా వుంది. లేనిదల్లా ఆ పని చేసే హక్కు. మట్టి కోతను హక్కుల సమస్యగా చూడకపోతే మనం ఎన్ని గట్లు వేయించినా అవి నిలవవని చెప్పడానికే ఈ వ్యాసం.

పోతున్నది ఎవరి మన్ను?

ఏ ఆచ్ఛాదనా లేని నేల మీద వాన చినుకు బలంగా పడితే పెళ్ళ చితికిపోతుంది. ఆ సన్నటి మట్టి నేలలోని రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇంకలేని నీళ్ళు వాలు వెంట పరుగెడతాయి. ముందు పల్చటి పొరగా పోతాయి, తర్వాత చిన్న చిన్న పాయలవుతాయి, చివరికి గండ్లు కోస్తాయి. గండి పడ్డప్పుడు అందరికీ కనిపిస్తుంది గానీ అసలు నష్టం అంతకు ముందు పొరగా పోయినప్పుడే జరిగిపోతుంది. ఎందుకంటే మొదట కొట్టుకుపోయేది సన్నటి బంకమన్ను, ఎరువు సారం. మిగిలేది గరుసు, గులకరాళ్ళు. అట్లాంటి నేల తేమను పట్టి వుంచలేదు. అదే వాన పడినా పైరు నాలుగు రోజులు ముందే వాడిపోతుంది. మనం కరువు అంటున్నదాంట్లో కొంత భాగం ఆకాశంలో పుట్టింది కాదు, నేల మీద పుట్టింది.

మన దేశంలో హెక్టారుకు ఏడాదికి 16 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోతున్నదని 1983లో ధ్రువ నారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అంటే ఎకరాకు ఆరున్నర టన్నులు. సుమారు రెండు ట్రాక్టరు ట్రాలీల మన్ను. ఇందులో పదో వంతు జలాశయాల్లో చేరుతుందని కూడా వాళ్ళు లెక్కగట్టారు. తుంగభద్ర జలాశయం 1953లో కట్టినప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టేది. తర్వాతి సర్వేల నాటికి అది 105 టీఎంసీల దరిదాపులకు తగ్గింది. శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 215కు, శ్రీరాంసాగర్ 112 నుంచి సుమారు 80కి దిగాయి. ప్రాజెక్టుల పూడిక గురించి అసెంబ్లీలో మాట్లాడతారు, ఆయకట్టు రైతులు అడుగుతారు. ఆ మన్ను ఏ చేల నుంచి బయలుదేరిందో, ఆ చేలు ఎవరివో మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే జవాబు సూటిగానే వుంటుంది. చెరువు కింది పల్లపు మాగాణి భూమి తరాలుగా కలిగినవాళ్ళ చేతుల్లో వుంది. దళితులకు, భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములు చాలావరకు గుట్టల అంచుల్లో, రాళ్ళ మిట్టల్లో వున్నాయి. పైవాళ్ళు వదిలేసిన నేలలే వీళ్ళకు దక్కాయి. అసైన్డు భూములను అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం చేశారు. కానీ ఆ భూమి మీది మట్టిని ఏటా వాన ఎత్తుకుపోతుంటే ఆపడానికి అంత పట్టుదలగా ఎవరూ పూనుకోలేదు. మిట్ట మీది పేదల మన్ను కొట్టుకొచ్చి కింది వాళ్ళ పొలాలకు ఒండ్రు అవుతుంది. కాగితం మీద పట్టా అట్లాగే వుంటుంది, దాని కింద వుండాల్సిన నేల వుండదు.

ఆ నష్టాన్ని ఇంట్లో మొదట భరించేది స్త్రీలు. దిగుబడి తగ్గితే తిండి తగ్గేది వాళ్ళ పళ్ళెంలోనే. పశువుల మేతకూ, పొయ్యిలోకి పుల్లలకూ నడవాల్సిన దూరం పెరుగుతుంది. భర్త బెంగళూరుకో కేరళకో వలసపోతే ఆ గరుసు నేలతో ఒంటరిగా కుస్తీ పట్టాల్సింది ఆమే.

పంటను ఎవరు నిర్ణయించారు?

మట్టి పోవడానికి వాలు ఒక్కటే కారణం కాదు. ఆ వాలు మీద ఏం పండిస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. అనంతపురం ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఆ వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొద్ది రోజుల్లోనే కురుస్తుంది. ఒకప్పుడు ఇక్కడ కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, వాటి మధ్య సాళ్ళలో కంది, అలసంద, అనుము, చేను చుట్టూ ఆముదం వేసేవాళ్ళు. ఒకటి పడుకుని నేలను కప్పితే ఇంకొకటి లోతుగా వేరు దించేది. ఒకటి కోసిన తర్వాత కూడా ఇంకొకటి చేలో నిలిచి వుండేది. నేల బోసిగా వుండే రోజులు తక్కువ.

నూనెగింజల ధరలు, బ్యాంకు పంట రుణాలు, రాయితీ విత్తనం, తర్వాత పంటల బీమా అన్నీ ఒక్క వేరుశనగ వైపే నెట్టాయి. 1990ల నాటికి ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే పంట. వేరుశనగను కోయరు, పెరుకుతారు. చెట్టు వేళ్ళతో సహా బయటకు వస్తుంది. నేల గుల్లబారి, మోడు కూడా లేకుండా మళ్ళీ తొలకరి దాకా ఎండకూ గాలికీ వదిలేసి వుంటుంది. వేసవి గాలికి కొంత, మొదటి వానకు కొంత మన్ను పోతుంది.

రైతు దురాశపడి ఈ పంట వేశాడని నేననడం లేదు. అప్పు దొరికేది ఆ పంటకే అయినప్పుడు అతడు మాత్రం ఏం చేస్తాడు? నేను అడుగుతున్నది వేరే ప్రశ్న. ఈ మార్పు జరుగుతున్నప్పుడు స్త్రీని ఎవరైనా అడిగారా? విత్తనాలు ఎంచి, బూడిద కలిపి, కుండల్లో దాచి, ఏ సాలులో ఏది వెయ్యాలో చెప్పిన మనిషి ఆమె. విత్తనం సబ్సిడీ కౌంటరు దగ్గరకు వెళ్ళాక, పాస్‌బుక్కు పట్టుకున్న మగవాడే రైతయ్యాడు. ఆమె కలుపు తీసే కూలీగా మిగిలింది. విత్తనాల కుండలతో పాటు నేలను కప్పి వుంచే పద్ధతి కూడా ఇంట్లోంచి పోయింది.

వాటర్‌షెడ్లలో మన చోటు

హనుమంతరావు కమిటీ 1994లో సిఫార్సులు చేసింది. 1995 నుంచి కొత్త మార్గదర్శకాలతో వాటర్‌షెడ్ పథకాలు వచ్చాయి. వాటిలో మంచి మాటలు చాలా వున్నాయి. పనులు కొండ నెత్తి నుంచి లోయకు రావాలన్నారు. ప్రజలే కమిటీలు వేసుకోవాలన్నారు. స్త్రీలకు, దళితులకు ప్రాతినిధ్యం వుండాలన్నారు. 2000లో నీరు-మీరు వచ్చింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. స్వచ్ఛంద సంస్థలుగా మనలో చాలామందిమి ఈ పనుల్లో దిగాం. కాబట్టి విమర్శను మన నుంచే మొదలుపెట్టుకోవాలి.

పనులు నెత్తి నుంచి మొదలు కావాలని రాసివున్నా, డబ్బు ఎక్కువగా పల్లంలోని చెక్‌డ్యాముల మీద ఖర్చయింది. చెక్‌డ్యాం ఫోటోకు బాగుంటుంది, బావులున్న రైతులకు నీళ్ళు ఎక్కుతాయి, కాంట్రాక్టు మిగులుతుంది. మిట్ట మీద రాతి కట్టలకూ, వాలుకు అడ్డంగా వేసే గట్లకూ అంత ఆకర్షణ లేదు. భూమి వున్నవాళ్ళు ప్రజల వాటా కింద కట్టాల్సిన సొమ్మును చాలాచోట్ల కూలీల వేతనంలోనే కోసుకున్నారు. అంటే పరాయి పొలంలో గట్టు వేసిన భూమిలేని స్త్రీ, ఆ పొలం బాగుపడటానికి తన కూలీలోంచి చందా ఇచ్చింది! కమిటీలో సభ్యురాలిగా ఆమె వేలిముద్ర వుంటుంది. ఏ చేలో ఏ పని చెయ్యాలో తీర్మానించినరోజు ఆమె కూలికి పోయి వుంటుంది.

చరాయి నిషేధం సంగతి చూడండి. గుట్ట మీద గడ్డి పెరగాలంటే కొన్నేళ్ళు మేపడం ఆపాలన్నది నిజమే. కానీ గుట్టను మూసినరోజున నాలుగు మేకల మీద బతికే ఒంటరి స్త్రీ ఎక్కడికి పోవాలో ఏ ప్రణాళికలోనూ రాయలేదు. స్టాల్ ఫీడింగ్ చెయ్యమన్నారు. మేత కోసి మోసుకొచ్చేది ఎవరు? నేలను కాపాడే భారం కూడా భూమిలేని స్త్రీ నెత్తినే పడింది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ పథకం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనికి వచ్చినవాళ్ళలో సగానికి పైగా స్త్రీలే. కందకాలు తవ్వారు, చెరువుల్లో పూడిక తీశారు, దళిత, ఆదివాసీ రైతుల భూముల్లో రాళ్ళేరి గట్లు వేశారు. ఆ కూలి డబ్బులు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించాయి. దాన్ని తక్కువ చెయ్యను. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు మరో చట్టం చేసింది. ఏ చట్టం కిందనైనా మన ప్రశ్న ఒకటే. కందకం ఎక్కడ తవ్వాలో, తవ్విన తర్వాత ఆ గట్టు మీద పెరిగే గడ్డి, కానుగ, కంది ఎవరివో చెప్పే అధికారం తవ్విన చేతులకు వుందా, లేదా?

పదకొండు నెలల కౌలుతో నేల నిలవదు

పొలానికి చెరువు మట్టి తోలితే దాని బలం మూడు నాలుగేళ్ళు వుంటుంది. దిబ్బ ఎరువు వేస్తే మొదటి పంటకు కొంత, తర్వాతి పంటలకు కొంత అందుతుంది. గట్టు మీద నాటిన మొక్క వేరు పట్టి మన్నును పట్టుకోవడానికి రెండు మూడేళ్ళు కావాలి. ఏడాదికోసారి చేతులు మారే కౌలులో ఈ పనులు ఎవరు చేస్తారు? పెట్టినదంతా వచ్చే ఏడు ఇంకొకరికి పోయేదైతే, ఈ ఏడే నేల నుంచి లాగగలిగినంత లాగడం తప్ప కౌలుదారుకు దారి లేదు.

ఆంధ్ర ప్రాంతపు 1956 కౌలు చట్టం కనీస గడువు ఆరేళ్ళు అన్నది. ఆ చట్టానికి భయపడి యజమానులు నోటిమాట కౌలుకు దిగారు. కాగితం లేని కౌలుకు ఏ గడువూ లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్ని గుర్తించింది, దానికి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెట్టే యజమానులు ఎంతమందో వూళ్ళలో పనిచేసే మనకు తెలుసు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది, కౌలుదార్లకు అందలేదు. కౌలుదారు పరిస్థితే ఇదైతే, కౌలు చేస్తున్న స్త్రీని కౌలుదారుగా గుర్తించేవాళ్ళు ఎవరు?

సొంత భూమి వున్న ఇళ్ళలోనూ అంతే. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో స్త్రీల పేరున వున్నవి సుమారు 14 శాతమే, విస్తీర్ణంలో 12 శాతం లోపే. మహిళా రైతుల హక్కుల కోసం ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

చేసి చూపినవాళ్ళు

హక్కు చేతికొస్తే ఏం జరుగుతుందో చూడాలంటే జహీరాబాద్ ప్రాంతానికి వెళ్ళాలి. 1983లో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి అక్కడి దళిత స్త్రీల సంఘాలు బీడుపడిన తమ భూములను దారికి తెచ్చుకున్నాయి. రాళ్ళు ఏరారు, గట్లు వేశారు, పెంట తోలారు, ఒక్కో చేలో పది పన్నెండు రకాలు కలిపి విత్తారు. కొందరు గుంపుగా భూములు కౌలుకు తీసుకుని, కొందరు ప్రభుత్వ పథకాల ద్వారా కొనిపించుకుని సాగు చేశారు. 1990ల మధ్యలో బీడు భూముల్లో జొన్న పండించి, తమ వూళ్ళలోని పేదలకు తక్కువ ధరకు గింజలిచ్చే సొంత రేషను నడిపారు. ఏ వాలుకు ఏ పంట అన్నది వాళ్ళే నిర్ణయించుకున్నారు.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో బీడు నేల మీద మొదలుపెట్టిన పని, తర్వాత చుట్టుపక్కల గ్రామాల వాళ్ళతో కలిసి కల్పవల్లి గుట్టలను పచ్చగా చేసింది. వేల ఎకరాల్లో గడ్డి, ఈతచెట్లు తిరిగి వచ్చాయి. కానీ రెవిన్యూ రికార్డుల్లో ఆ గుట్టలు బంజరుగానే వున్నాయి. బంజరు అన్న ఒక్క మాట చాలు, గాలిమరల కోసం గుట్టలను కోసి రోడ్లు వెయ్యడానికి. వాలు తెగింది, మట్టి వంకల్లోకి దిగింది, వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. గాలితో కరెంటు తయారుచెయ్యడం చెడ్డదని ఎవరూ అనరు. కానీ ఇరవై ఏళ్ళు కాపాడినవాళ్ళకు ఆ గుట్ట మీద మాట చెప్పే హక్కు లేకపోవడం న్యాయమేనా?

సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదని కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కేంద్రంలో నల్లరేగడి మీద 1976 నుంచి ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగంలో, బోదెలు తోలి, నేలను వానాకాలమంతా పంటతో కప్పి వుంచిన చోట మట్టి నష్టం హెక్టారుకు సుమారు ఒకటిన్నర టన్నులకు తగ్గింది. పాత పద్ధతిలో వానాకాలం ఖాళీగా వదిలిన చోట ఆరు టన్నులు దాటింది. దిగుబడి కూడా నాలుగు రెట్లకు పైగా వచ్చింది. అయితే ప్రయోగశాల పొలానికి వచ్చే ఏడు ఎవరు సాగు చేస్తారన్న అనుమానం వుండదు. మన పల్లెల్లోని స్త్రీకి ఆ అనుమానమే మొదటి అడ్డంకి.

ఇక్కడ ఇద్దరు నన్ను నిలదీస్తారని తెలుసు. పట్టాలొచ్చేదాకా మట్టి ఆగుతుందా, ముందు గట్లు వెయ్యనివ్వండి అని వాటర్‌షెడ్ మిత్రులు అంటారు. పట్టా వున్న పెద్ద రైతులు మాత్రం నేలను కాపాడుతున్నారా అని ఇంకొకరు అడుగుతారు. రెండూ సరైన ప్రశ్నలే. పట్టా వస్తేనే నేల బాగుపడిపోదు. అప్పు, విత్తనం, ధర అన్నీ ఒకే పంట వైపు తోస్తుంటే స్త్రీ పేరున పట్టా వున్నా ఆమె కూడా అదే పంట వేస్తుంది. అందుకే నేనడుగుతున్నది కాగితంతో పాటు నిర్ణయం. ఇక ఆగడం గురించి. 1990ల నుంచి గట్లు వేస్తూనే వున్నాం. చాలాచోట్ల ఆ గట్లను యజమానో, వచ్చే ఏటి కౌలుదారో దున్నేశాడు. గట్టూ హక్కూ కలిసి నడవకపోతే ఒకే పనికి మళ్ళీ మళ్ళీ కూలి ఇస్తూ వుంటాం.

మనం అడగాల్సినవి

1. స్త్రీల సంఘాలు, ఒంటరి స్త్రీలు చేసే కౌలుకు కనీసం ఐదేళ్ళ రాతపూర్వక గడువు వుండాలి. యజమాని హక్కుకు భంగం లేదని అందులోనే రాస్తే అతని భయమూ తీరుతుంది. గట్టు, చెట్టు, ఎరువు మీద పెట్టిన దానికి, మధ్యలో ఖాళీ చేయిస్తే పరిహారం ఇవ్వాలి.

2. ప్రజాధనంతో బాగుచేసే ప్రతి కుటుంబ భూమికీ భార్యాభర్తల ఉమ్మడి పట్టా షరతుగా పెట్టాలి.

3. మిట్ట మీది అసైన్డు భూముల్లో పని పూర్తయ్యాకే పల్లంలో చెక్‌డ్యాములకు డబ్బు విడుదల చెయ్యాలి.

4. చెరువు పూడిక మట్టి ముందుగా ఆ మట్టి పోగొట్టుకున్న మిట్ట భూములకు చేరాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మట్టి ఉచితం అన్నారు గానీ తోలుకునే ఖర్చు రైతుదే. ట్రాక్టరు కిరాయి పెట్టగలిగినవాళ్ళకే అది ఉచితమైంది. తోలే ఖర్చు కూడా పథకంలోనే వుండాలి.

5. గుట్టను మేతకు మూసేముందు దాని మీద బతికే స్త్రీల జాబితా రాసి, వంతుల ప్రకారం మేపుకునే ఏర్పాటు వాళ్ళతోనే చెయ్యాలి. గ్రామసభ ఒప్పుకోకుండా వూరి ఉమ్మడి భూమిని ఏ పేరుతోనూ ఇంకొకరికి ఇవ్వకూడదు.

6. కొర్ర, సజ్జ, జొన్న, కందులను వూళ్ళోనే కొని, వూళ్ళోనే రేషనుగా, అంగన్‌వాడీ తిండిగా ఇవ్వాలి. అప్పుడే కలిపి పండించే పద్ధతి తిరిగి వస్తుంది.

ఇవన్నీ ప్రభుత్వాన్ని అడిగేవి. మనం మనల్ని అడుక్కోవాల్సింది ఒకటుంది. మన సంస్థల్లో హక్కుల విభాగం ఒక గదిలో, వాటర్‌షెడ్ విభాగం ఇంకో గదిలో కూర్చుంటాయి. ఒకరు కేసులు రాస్తారు, ఒకరు గట్ల పొడవు మీటర్లలో రాస్తారు. ఈ రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు గుర్తులేదు.

అందుకని ఒక చిన్న పని ప్రతిపాదిస్తున్నాను. వచ్చే తొలకరికి, మొదటి గట్టి వాన పడిన మర్నాడు, సంఘం స్త్రీలతో కలిసి వూరి గుట్ట నెత్తి నుంచి చెరువు దాకా నడవండి. ఎర్రనీళ్ళు ఎక్కడ బయలుదేరుతున్నాయో చూస్తూ నడవండి. దారిలో వచ్చే ప్రతి చేను దగ్గరా ఆగి నాలుగు సంగతులు రాయండి: పట్టా ఎవరి పేరున వుంది, దున్నేది ఎవరు, కలుపు తీసేది ఎవరు, పంట ఏదో నిర్ణయించింది ఎవరు. ఆ కాగితాన్ని గ్రామసభలో చదవండి. మండల ఆఫీసుకు ఇవ్వండి.

మేము ఆ పల్లెలో ఈ పని మొదలుపెట్టాం. ఆమె కౌలు చేస్తున్న చేను పట్టికలో ఏడోది. ఆసామి ఇంకా కాగితం రాయడానికి ఒప్పుకోలేదు. ఆయన దగ్గరికి ఆమె ఒక్కతే పోవడం మాత్రం ఆగింది. ఇప్పుడు సంఘమంతా పోతున్నది.